లోతు మట్టి

నెలనెలా రెండో మంగళవారం
ఒక కుర్రాడు వస్తాడు మా ఊరికి,
మెడలో పసుపు పెట్టె వేలాడేసుకుని.
ఊరంటే ఇప్పుడు అయిదు పొగగొట్టాలు.
మొన్నటి చలికాలం దాకా ఆరు.

పేరు ఓస్తాప్. అది పేలిన నాటికి
వాళ్లమ్మకే ఇంకా పాలపళ్లు ఊడలేదు.

పెట్టెను నా పాలకుండకి ఆనిస్తాడు.
కీచురాయిలా మొదలెడుతుందది.
"తాగకు అవ్వా."
"ఆవుకి చెప్పు నాయనా, ఇవ్వొద్దని."
నవ్వడం వాడి ఉద్యోగంలో లేదు. అయినా నవ్వుతాడు.

చూరుకి కట్టిన ఎండు పుట్టగొడుగుల దండ దగ్గర
గుక్క తిప్పుకోదు ఆ పెట్టె.
పొయ్యి బూడిద దగ్గరైతే పూనకమే.
"ఈ బూడిద తోటలో చల్లకు" అంటాడు.
ఇన్నేళ్లూ నా ఉల్లిపాయలు ఏం తిని ఊరాయో
వాడికి చెప్పను.

మా ఇంట్లో ఏదీ ముట్టడు.
రొట్టె తనదే, నీళ్లూ తనవే.
గడప మీద కూర్చుని, గడప వైపు చూడకుండా తింటాడు.

*

మూడు రోజులకే అన్నారు, బస్సులెక్కించిన నాడు.
హప్కా మూడు రోజులకి సరిపడా పాలు పోసి
పిల్లిని లోపలుంచి తాళం వేసింది.
ఆ మూడు రోజుల లెక్క
చచ్చేదాకా తెగలేదు దానికి.

మాకు పట్నంలో తొమ్మిదో అంతస్తు ఇచ్చారు.
తిప్పితే వేడినీళ్లు.
నేల మీద కాలు పెట్టాలంటే మాత్రం
లిఫ్టు కోసం నిలబడాలి.
మేం లేచాక, మేం కూర్చున్న బల్ల తుడిచేవాళ్లు.
నా లుక్యాన్ అక్కడే పోయాడు.
గుండె అని రాశాడు డాక్టరు.
ఆ కాగితంలో అంతకన్నా చోటు లేదు.

మరుసటి వసంతంలో నేనూ హప్కా
అడవి దారిన వచ్చి కంచె కింద దూరాం.
తుపాకీ పట్టుకుని ఒక సిపాయి.
"కాలుస్తావా, లేకపోతే ఈ మూట కాస్త అందుకుంటావా?"
అంది హప్కా.
అందుకున్నాడు.

*

ఫిబ్రవరిలో హప్కా పోయింది.
నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది.
మంట పెట్టి, కరిగినంత తవ్వి, మళ్లీ మంట పెట్టి,
నలుగురు ముసలాళ్లం, ఒక్క గడ్డపార.
రెండో రోజు మంగళవారమైంది.
కుర్రాడు వచ్చి చూశాడు. ఏమీ అనలేదు.
పసుపు పెట్టెను మంచు మీద పెట్టి
సావ్కా చేతిలోంచి పార లాక్కున్నాడు.

వాడి భుజాల దాకా దిగింది గొయ్యి.
అప్పుడన్నాను:
"నీ పెట్టె కూడా దించు.
మా పిల్ల ఎక్కడ పడుకోబోతోందో చూడు."
(ఎనభై ఆరేళ్ల పిల్ల.)

పైన, గడ్డి వేళ్ల దగ్గర, అరిచింది.
మోకాటి లోతులో గొణిగింది.
అడుగున
ఒక్క టిక్కు.
చాలాసేపటికి ఇంకోటి.
కుర్రాడు పెట్టెను అరచేత్తో తట్టాడు, బ్యాటరీ చూశాడు.
"ఇక్కడేం లేదవ్వా. ఎక్కడైనా ఉండేంతే.
కీవ్‌లో ఉండేంతే."

ముప్పై మూడేళ్లు.
కొలిచి, గీతలు గీసి, రంగులు పూసి
పటాల మీద వాళ్లు వెతికిన మంచి నేల
ఆళ్లోతున ఉందన్నమాట.
మా అమ్మా, మా అత్తా, ఆ వరసలో అందరూ
బస్సెక్కకుండానే
క్షేమంగా ఉన్నారన్నమాట.

"అక్కడ దుంపలేస్తే ఎలా ఉంటుందే మోత్రియా?"
అన్నాడు సావ్కా.
గోతి ఒడ్డున నవ్వకూడదు. నవ్వాం.
హప్కా అయితే అందరికన్నా గట్టిగా నవ్వేది.

దాన్ని దించి పూడ్చాక
అది పట్టినంత మట్టి మిగిలింది పైన.
అడుగు మట్టి, పచ్చగా, ఇసకగా.
బకెట్టుతో తెచ్చుకున్నాను.

*

మే నెలలో, కిటికీలో,
ఆ బకెట్టు నిండా సోయికూర.
ఓస్తాప్ పెట్టె ఆనించాడు. నోరు మెదపలేదు అది.
రెండు రెమ్మలు తుంచి
ఉడికిన దుంపల మీద చల్లి, ముందు పెట్టాను.
కాసేపు చూశాడు.
తిన్నాడు. మళ్లీ వడ్డించుకున్నాడు కూడా.

దుంపలు మాత్రం నా తోటవే.
వాడు అడగలేదు.